డెల్టా నేలపై గుడారము ఎక్కడ వేయవలెను?

పానగల్లులో ఒక హైస్కూలు విద్యార్థిని "వానకాలములో గుడారము ఎక్కడ వేయుదువు?" అని అడిగినచో అతడు తడుముకొనక సమాధానము చెప్పును. వాగునకు దూరముగా, చెరువు అలుగు పారు దారికి ఎడముగా, మొరము నేల గట్టిగానున్న మెరకమీద వేయుదునని అనును. ఆ సమాధానము సరియైనదే. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల రాతినేలపై పుట్టి పెరిగిన వారికి ఈ తెలివి తరతరములుగా అలవడినది.

ఇప్పుడు అదే విద్యార్థి తన ఉపాధ్యాయునితోను, నలుబదిమంది తోటివారితోను ఏడు దినముల శిబిరమునకై కృష్ణా డెల్టాకు పోయెననుకొందము. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకము క్రింద గాని, స్కౌట్ల పక్షమున గాని విద్యార్థులు ఇట్లు శిబిరములకు పోవుట పరిపాటియే. అక్కడ ఎటు చూచినను నేల చాప పరచినట్లు కనిపించును. గుట్ట లేదు, బండ లేదు. "నదికి దూరముగా పోయిన చాలును" అని తలచి అతడు ఏటిగట్టును విడిచి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి పోయి, పొలములో గుడారము వేసెననుకొందము. ఆ ప్రాంతములోని మిక్కిలి పల్లపు చోటునే అతడు ఎన్నుకొని ఉండవచ్చును. మన మెట్టసీమలో ప్రాణము కాపాడు సూత్రము డెల్టాలో తలక్రిందులగుచున్నది. ఇది ఏల జరుగునో తెలిసికొన్నచో ఏ డెల్టాలోనైనను తగిన చోటును మనమే వెదకుకొనవచ్చును.

ఒక మీటరు నీటికి ఎంత దూరము?

పానగల్లులోని ఉదయసముద్రము చెరువును కందూరు చోడుల కాలమున నిర్మించిరని చెప్పుదురు. నేడు ఈ చెరువునకు కృష్ణాజలము వచ్చుచున్నది. నాగార్జునసాగరు జలాశయపు నీటిని పుట్టంగండి వద్ద యంత్రములతో ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయము మీదుగా కాలువలో ఇక్కడికి తెచ్చుచున్నారు. మన ఊరికి ఆ నీరు రావలెనన్న దానిని పైకెత్తవలసియున్నది. అదే నది విజయవాడ దాటిన తరువాత దిగుటకు తగినంత వాలు లేక నెమ్మదించును.

ప్రకాశం బ్యారేజి వద్ద నిలుపు నీటిమట్టము సముద్రమట్టమునకు సుమారు 57 అడుగుల పైన, అనగా 17 మీటర్లకు కొంచెము మించి ఉండును. అక్కడినుండి నది వెంబడి సముద్రమునకు సుమారు 90 కిలోమీటర్లు. ఈ ఎత్తును ఆ దూరముచే భాగించినచో కిలోమీటరునకు 20 సెంటీమీటర్ల లోపు వాలు వచ్చును. కిలోమీటరు నడచినను నేల జానెడు కూడ దిగదన్నమాట.

వరద ఒక మీటరు పెరిగెననుకొందము. మన ప్రాంతములో నూరు మీటర్లు నడచుసరికి నేల ఒకటి రెండు మీటర్లు ఎక్కుట సామాన్యము. కావున ఆ నీటిని తప్పించుకొనుటకు కొద్ది నిమిషముల నడక చాలును. డెల్టా వాలు వెంబడి నడచి అంతే ఎత్తు ఎక్కవలెనన్న సుమారు అయిదు కిలోమీటర్లు పోవలెను. చీకటిలో, నల్లరేగడి బురదలో, నలుబదిమంది పిల్లలతో ఆ నడక సాధ్యము కాదు. వాగు వరద గంటలలో వచ్చి గంటలలో పోవును. డెల్టాలో నీరు పారుటకు వాలు లేదు గనుక ఒకసారి నిలిచినచో దినముల తరబడి నిలుచును. అందుచేత అక్కడ స్థలమును నీరు రాకముందే సరిగా ఎన్నుకొనవలెను.

నది తన గట్టును తానే కట్టుకొనును

సమతలమువలె కనిపించు డెల్టాలోను మెరకలు కలవు. అవి ఒక మీటరో రెండు మీటర్లో ఎత్తుండును. అవి ఎక్కడ ఏర్పడునో చూతము.

నది పాయలో వరదనీరు లోతుగా, వేగముగా పారును. ఆ వేగముతో అది ఇసుకను, ఒండ్రును, బంకమట్టిని కలిపి మోసికొనిపోవును. ఒడ్డు పొర్లిన క్షణమున నీరు పలుచని పొరగా మారును. గడ్డి, పొదలు దానిని అడ్డగించును. వేగము తగ్గగానే మోయు శక్తియు తగ్గును. అప్పుడు బరువైన ఇసుకరేణువులు ఒడ్డుననే పడిపోవును. మిక్కిలి సన్నని బంకమట్టి మాత్రము నీటితో దూరము పోయి, నీరు నిలిచిన చోట నెమ్మదిగా దిగును.

రేణువు నీటిలో దిగు వేగమునకు జార్జి స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు 1851లో ఒక సూత్రమును ఇచ్చెను. చిన్న రేణువులు దిగు వేగము వాని వ్యాసపు వర్గమునకు అనుపాతములో ఉండును. ఒక మిల్లీమీటరులో పదవవంతు వ్యాసముగల ఇసుకరేణువు ఒక మీటరు లోతు దిగుటకు సుమారు రెండు నిమిషములు పట్టును. బంకమట్టి రేణువు వ్యాసము దానిలో ఏబదవవంతు అనుకొన్నచో, అది దిగు వేగము 2,500వ వంతు అగును. అదే లోతునకు దానికి మూడు దినములకు పైగా కావలెను. రెండు నిమిషములలో పడునది ఒడ్డున పడును, మూడు దినములు పట్టునది పొలములలో ఎక్కడనో పడును.

దీనిని తరగతిగదిలో చూపవచ్చును. ఒక పొడవైన గాజుసీసాలో మూడవవంతు చెరువు మట్టి వేసి, నీరు నింపి, మూతపెట్టి బాగుగా ఊపి బల్లమీద పెట్టవలెను. ఉపాధ్యాయుడు హాజరు పిలుచుట ముగించులోగా అడుగున ఇసుకపొర ఏర్పడును. మరునాడు వచ్చి చూచినను పైనీరు మసకగానే ఉండును.

ప్రతి వరదయు ఒడ్డునకు ఒక పలుచని పొర చేర్చును. వేల సంవత్సరములలో నదికి ఇరువైపుల సహజమైన గట్టు లేచును. ఆ గట్టు వెనుక నేల పొలముల వైపునకు మెల్లగా దిగిపోవును. అక్కడి పల్లపు భూములను రైతులు బాడవ పొలములందురు. కావున డెల్టాలో నదికి దూరమగుకొలది నేల ఎక్కదు, దిగును. మెరకమీద ఇసుకపాలు ఎక్కువ, బాడవలో బంక ఎక్కువ. పాదము క్రింది మట్టియే నేల ఎత్తును చాలవరకు తెలుపును.

ఈ సంగతినే పెద్ద ఎత్తున చూడవలెనన్న కొల్లేరును చూడవచ్చును. ఒకవైపు కృష్ణ, మరొకవైపు గోదావరి తమ తమ నేలలను మెరకచేసికొనుచు రాగా, రెంటి నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలో చేరును. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రమునకు చేర్చును. 1999లో కొల్లేరు అభయారణ్యమునకు హద్దు నిర్ణయించినపుడు సముద్రమట్టమునకు అయిదు అడుగుల ఎత్తు గల రేఖను తీసికొనిరి. ఆ అయిదు అడుగుల లోపల నున్న భూమి 308 చదరపు కిలోమీటర్లు. అడుగులలో కొలుచు ఎత్తునకు అక్కడ ఎంత విలువ కలదో దీనివలన తెలియును.

కరకట్టకు ఏ ప్రక్క?

"అట్లయినచో ఏటి ఒడ్డుననే గుడారము వేయవచ్చునా?" అని విద్యార్థి అడుగును. ఇక్కడ మరొక విషయమును గమనింపవలెను. పొలములను కాపాడుటకై మానవుడు నదికి ఇరువైపుల కరకట్టలు కట్టెను. వరద ఇప్పుడు ఆ రెండు కట్టల నడుమనే పారవలసియున్నది. కట్టల లోపల నున్న లంకలు, ఇసుకతిన్నెలు వేసవిలో ఎంత అందముగానున్నను అవి నదిలోని భాగమే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి వద్దకు సుమారు 11.1 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. 2024 సెప్టెంబరులో అది 11.4 లక్షలను దాటెను. క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు. అట్టి ప్రవాహము మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణలలో కురిసిన వానల ఫలితము. కావున లంకమీద ఎండ కాయుచుండగనే నీరు పెరుగవచ్చును.

కరకట్టకు వెలుపలనే, అయితే కట్ట పాదమును ఆనుకొనియు శిబిరము వేయరాదు. నది నిండుగానున్నపుడు కట్ట క్రిందుగా నీరు ఊరును. గండి పడినచో మొదటి దెబ్బ అక్కడనే తగులును. నదికి దూరముగా పోయినంత మాత్రమున రక్షణ లేదనుటకు విజయవాడయే నిదర్శనము. 2024 సెప్టెంబరు మొదటివారములో బుడమేరునకు గండ్లు పడగా, కృష్ణకు దూరముగానున్న నగరపు ఉత్తర భాగము దినముల తరబడి నీటిలో ఉండెను.

మరి మిగిలిన చోటేది? పాత ఏటిపాయ గట్లు. నది కాలక్రమమున పాయలు మార్చుకొనును. వదలివేసిన పాయ పూడిపోయినను దాని ఇరుగట్ల మెరక నిలిచియుండును. పాత గ్రామములు అటువంటి మెరకలపై వరుసగా కనబడును. సముద్రము దాపున మరియొక విధమైన మెరకలు కలవు. డెల్టా ముందునకు పెరుగుచు రాగా వెనుకబడిన పూర్వపు సముద్రతీరములే ఇప్పటి ఇసుక దిబ్బలు. తాడిచెట్లు, సరుగుడు తోటలు, ఇండ్లు వానిమీదనే ఎక్కువ. నదిని ఆనుకొనక నది కట్టిన మెరకను, సముద్రమును ఆనుకొనక సముద్రము కట్టిన దిబ్బను వెదకవలెను.

మెరకను కొలుచు విధానము

ఒక మీటరు ఎత్తు కిలోమీటరు దూరములో పరచుకొనియున్నపుడు కంటికి తెలియదు. మేస్త్రీలు వాడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టము ఇందుకు చాలును. 20 మీటర్ల గొట్టమును బుడగలు లేకుండ నీటితో నింపి, రెండు కొనలను రెండు కొలబద్దలకు కట్టవలెను. ఒక బద్దను మొదటి చోట, రెండవదానిని రెండవ చోట నేలపై నిలువుగా నిలుపవలెను. కొనలు తెరచియుండవలెను. నిలకడగానున్న నీరు రెండు కొనలలోను ఒకే మట్టమున ఉండును. మొదటి బద్దపై నీరు 120 సెంటీమీటర్ల వద్దను, రెండవదానిపై 85 వద్దను కనబడినచో రెండవ చోటు 35 సెంటీమీటర్ల మెరక. ఇట్లు అయిదుసార్లు ముందుకు జరిపినచో నూరు మీటర్ల భూమి యొక్క రూపము కాగితముపై దిగును. ఉదయసముద్రము కట్టక్రింద ఒకసారి దీనిని అభ్యసించి పోయినచో అక్కడ తడబాటు ఉండదు.

పరికరముతోపాటు ఊరిని కూడ చదువవలెను. పాత ఇండ్ల అరుగులు ఎంత ఎత్తుగానున్నవి? గోడలపై వరద మరకలు ఎంతవరకు ఉన్నవి? కంచెల ముళ్లలో చెత్త ఏ ఎత్తున చిక్కుకొనియున్నది? లంక, దిబ్బ, మెరక, పర్ర అను మాటలు ఊరి పేరులో గాని పొలము పేరులో గాని ఉన్నవా? పర్ర అనగా ఉప్పు పట్టిన పల్లపు బీడు. అట్టి పేరుగల చోట గడ్డి పచ్చగా కనిపించినను గుడారము వేయరాదు. అన్నింటికంటె మిన్నగా, వృద్ధులను అడుగవలెను. "పోయిన వరదలో ఇక్కడ నీరు ఎంత ఎక్కినది?" అను ఒక్క ప్రశ్న ఎన్నో కొలతలకు సమానము.

మట్టియు మంచినీరును

బాడవలోని నల్లమట్టి ఎండినపుడు నెర్రెలు విచ్చును, తడిసినపుడు ఉబ్బి జారును. ఒక్క జల్లు పడినచో నీరు లోపలికి ఇంకక గుడారము చుట్టును నిలుచును. మేకులు ఊడివచ్చును. ఇసుక దిబ్బపై నీరు వెంటనే ఇంకును గాని పొట్టి మేకులు నిలువవు. అక్కడ గోనెసంచిలో ఇసుక నింపి, దానికి త్రాడు కట్టి రెండడుగుల లోతున పూడ్చవలెను. మన మొరము నేలలో జానెడు మేకు చేయు పనిని అక్కడ ఆ సంచి చేయును.

నల్లగొండవారికి భూగర్భజలములో ఫ్లోరిన్ బాధ తెలియును. డెల్టా అంచులలో ఉప్పు బాధ. ఇసుక దిబ్బ క్రింద వాననీరు సముద్రపు ఉప్పునీటిపై తేలియుండును. ఉప్పునీటి సాంద్రత 1.025 కాగా మంచినీటి సాంద్రత 1. ఈ చిన్న భేదమువలన, సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచియున్నచో క్రింద దాదాపు 40 అడుగుల మంచినీరు ఉండును. దీనికి విపర్యయమును గుర్తుంచుకొనవలెను. అతిగా తోడి పైమట్టమును ఒక అడుగు తగ్గించినచో ఉప్పునీరు చివరకు 40 అడుగుల మేర పైకి చొచ్చుకొనివచ్చును. అందుచేత ఇసుకలో లోతైన గొట్టపుబావికంటె వెడల్పైన నిస్సారపు చెలమ మేలు.

మనిషికి దినమునకు 15 లీటర్లు సహాయ శిబిరములలో పాటించు కనీసపు కొలత. ఉపాధ్యాయునితో కలిపి 42 మందికి 630 లీటర్లు కావలెను. దీనిని చెలమపై ఆధారపడి తీర్చుట కష్టము. ఊరి మంచినీటి వసతికి దగ్గరగా ఉండుట అవసరము. పాయిఖానాల విషయములోను ఇదే తీర్పు. గుంట అడుగు భూగర్భజలమునకు మీటరున్నర పైన ఉండవలెనని నియమము. డెల్టాలో పలుచోట్ల మీటరు త్రవ్వగనే నీరు కనబడును. కావున పాయిఖానాలు గల పాఠశాల ప్రక్కన శిబిరము వేయుటయే ఆరోగ్యము.

సముద్రము వైపునుండి

సముద్రము సుమారు 12 గంటల 25 నిమిషములకొకసారి పోటు తీయును. అమావాస్య, పౌర్ణమి దినములలో పోటు మిక్కిలి ఎక్కువ. మడ అడవుల ప్రక్కన సాయంకాలము పొడిగానున్న బురదనేల అర్ధరాత్రి నీటిలో ఉండవచ్చును. ఒక పగలు, ఒక రాత్రి గమనించినగాని ఆ చోటును నమ్మరాదు.

పోటునకు కాలనియమము కలదు, తుఫాను ఉప్పెనకు లేదు. 1977 నవంబరు 19న చీరాల ప్రాంతమున తీరము దాటిన తుఫాను దివిసీమను ముంచివేసెను. ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించిరి. మన అర్ధగోళములో తుఫాను గాలులు అపసవ్యముగా తిరుగును. అందుచేత తుఫాను సాగు దారికి కుడిప్రక్కన గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. నాడు దివిసీమ ఆ కుడిప్రక్కన ఉన్నది. అక్కడి సముద్రము లోతు తక్కువ గనుక, గాలి తోసిన నీరు అడుగునకు తిరిగి పారలేక గోడవలె లేచెను.

ఇక్కడ మన లెక్కను మరల చూడవలెను. మనము శ్రమపడి వెదకిన మెరక రెండు మీటర్లు. ఉప్పెన అయిదు మీటర్లు. మెరక నదినుండి కాపాడును గాని సముద్రమునుండి కాపాడదు. సముద్రమునుండి కాపాడునది సకాలములో విడిచిపోవుటయే. 1990 మే 9న దాదాపు అంతే బలముగల తుఫాను కృష్ణా ముఖద్వారము దగ్గరనే తీరము దాటెను. ముందుగా హెచ్చరించి లక్షలమందిని తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోపుననే ఆగెను. అక్టోబరు, నవంబరు, మే నెలలు తుఫానులకు పేరుపడినవి. డిసెంబరు పూర్తిగా నిరపాయమని తలచరాదు. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటెను. సంక్రాంతి తరువాతి దినములు శిబిరమునకు మేలు.

మూడు స్థలములలో ఏది?

ఉపాధ్యాయునికి మూడు చోట్లు చూపబడినవనుకొందము. మొదటిది నదిలోని లంక. తెల్లని ఇసుక, చల్లని గాలి, ఎదుట పారు నీరు. రెండవది కరకట్టకు రెండు కిలోమీటర్ల వెలుపల కోతలైన వరిమడి. విశాలమైనది, నదికి దూరమైనది. మూడవది ఊరిచివర పాత దిబ్బపై పాఠశాల ప్రక్కనున్న స్థలము. ఇరుకు, కోళ్ల సందడి, చూచుటకు ఏమియు లేదు.

లంక నది గర్భములోనిది గనుక విడువవలెను. అక్కడినుండి పడవలేక బయటపడుట కష్టము కూడ. వరిమడి బాడవ. రాత్రి మంచునకే నేల చెమ్మగిలును. కోతల తరువాత ఎలుకలకై పాములు గట్ల వెంబడి తిరుగును. మూడవ చోట గొట్టపు కొలతలో మీటరు మెరక కనబడును. నీరు, పాయిఖానా, గట్టి దారి, తుఫాను రక్షిత భవనము దగ్గరనే ఉన్నవి. ఎన్నుకొనవలసినది అదే. లంకను పగటిపూట చూచి రావచ్చును.

స్థలము కుదిరినంతమాత్రమున ఉపాధ్యాయుని పని తీరలేదు. మొదటి సాయంకాలముననే రక్షిత భవనమునకు పిల్లలనందరిని నడిపించి, ఎన్ని నిమిషములు పట్టినదో వ్రాసికొనవలెను. ప్రతి ఉదయము, ప్రతి సాయంకాలము వాతావరణశాఖ వార్తను, బ్యారేజి వద్ద హెచ్చరికను తెలిసికొనవలెను. తుఫాను హెచ్చరిక వెలువడినచో ఎన్నవ దినమైనను, వంట సగములోనున్నను, శిబిరము ఎత్తివేసి ఊరు విడువవలెను. ఒంటరి తాడిచెట్టు క్రింద, అది పిడుగును పిలుచును గనుక, ఎవ్వరును నిలువరాదు.

పానగల్లు విద్యార్థి తన ఊరిలో నేర్చిన తెలివి పనికిరానిదని దీని అర్థము కాదు. నీరు ఏ దారిని పోవునో చూచి, ఆ దారికి తొలగి, మెరకను వెదకవలెననునదే ఆ తెలివి. రాతినేలపై ఆ మెరకను కన్ను చూపును. డెల్టాలో దానిని గొట్టములోని నీరు, పాదము క్రింది ఇసుక, ఊరి పెద్దల మాట చూపును.